శనికి పక్కగా నిలబడి

వినుతకి అత్తవారింట్లో అన్ని చోట్లకీ దారి ఉంది, ఒక్క పురుగుల ఇంట్లోకి తప్ప. వంటిల్లు ఆమెదే, పశువుల కొట్టం ఆమెదే, పొద్దున్నే డైరీకి పాలు పోసి రావడమూ ఆమె పనే. పెరట్లో రేకుల కప్పుతో పొడుగ్గా కట్టిన పట్టుపురుగుల ఇల్లు మాత్రం గడప దాకానే. మల్బరీ కొమ్మలు కోసి, మోపు కట్టి, తలమీద మోసుకొచ్చి గడప బయట దించాలి. అక్కణ్ణుంచి అత్త చిన్నవెంకటమ్మో, మామ ఆవులప్పో మోపుని లోపలికి ఈడ్చుకుపోతారు. వెనకాలే తలుపు మూసేస్తారు.

ఇందులో దాపరికమేమీ లేదు, టేకల్ చుట్టుపక్కల ఉన్న చుట్టాలందరికీ తెలిసిన సంగతే. రెండేళ్ళ కిందట వినుత కాపరానికొచ్చిన నెలలోనే పంట పోయింది. రేపో మాపో గూళ్ళు కట్టాల్సిన పురుగులు సున్నపు ముక్కల్లా తెల్లగా బిగుసుకుపోయాయి. ఆవులప్ప వాటిని గంపలకెత్తి గుంటలో పూడ్చాడు. చిన్నవెంకటమ్మ వెళ్ళి కోడలి జాతకం చూపించుకొచ్చింది. మీనరాశి, ఏలినాటి శని ఇప్పుడే మొదలైంది, ఏడున్నరేళ్ళు వదలడు అన్నాడట చూసినాయన. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్కసారే జరిగితే మన ఊళ్ళలో తప్పు ఎప్పుడూ కాకిదే.

అసలు వినుతని చేసుకున్నదే ఆ పనికి ఇంకో రెండు చేతులు కావాలని. ఆమె వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో, తయారైన విడిభాగాలు సరిగా ఉన్నాయో లేదో పరీక్షించే లైనులో పనిచేసేది. మొగుడు శశికుమార్‌దీ అదే ఫ్యాక్టరీ. పెళ్ళయ్యాక ఆమె ఉద్యోగం మానిపించి తీసుకొచ్చారు, తీసుకొచ్చిన చేతుల్ని గడప బయటే ఆపేశారు. మొగుణ్ణి అడిగితే "అమ్మతో మాట్లాడతాలే" అంటాడు. రెండేళ్ళుగా అదే మాట. ఆ మాట్లాడే రోజు వారంలో ఏ రోజో దేవుడికే తెలియాలి.

వినుతకి కోపం ఉంది, ఏడుపూ ఉంది. రెండిటినీ మించి, ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో చూడాలన్న ఆశ ఉంది. పురుగు చర్మం మార్చుకునేటప్పుడు పడే నిద్రని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పురుగు ఎంత తింటుందో, ఆకు మీద తల ఎట్లా ఆడిస్తుందో, గూడు ఎక్కడ మొదలుపెడుతుందో ఆమెకి తెలుసుకోవాలని ఉంటుంది. ఆకు మోసేది ఆమె, తినేవాళ్ళ మొహం మాత్రం చూడలేదు.

అట్లాంటి ఇంటికి దసరా సెలవుల్లో రక్షిత వచ్చింది, ఒక పొడుగాటి పెట్టె చంకన పెట్టుకుని. రక్షిత, వినుత ఒకే లైనులో పనిచేశారు, ఒకే గదిలో అద్దెకున్నారు.

"టెలిస్కోపే. ఆన్‌లైన్లో రేటు తగ్గిచ్చినారని కొన్నాను. మా పక్క యాడ పెట్టినా ఫ్యాక్టరీ లైట్లే. ఒక్క చుక్కా కనపడదు. మీ ఊర్లో చీకటి బాగుండాది కదా అని తెచ్చినాను" అంది.

చీకటి కోసం వెతుక్కుంటూ వచ్చిన చుట్టాన్ని వినుత చూడడం అదే మొదటిసారి. ఇద్దరూ కలిసి పొద్దుగూకేసరికి మూడు కాళ్ళ స్టాండు, దానిమీద లావుపాటి గొట్టం బిగించి పెరట్లో నిలబెట్టారు. తూర్పున మల్బరీ తోట, అడ్డం ఏమీ లేదు. ఆకాశంలో చంద్రుడూ ఉన్నాడు, చుక్కలూ ఉన్నాయి. ఇల్లలకగానే పండగ కాదని ఆ తర్వాత తెలిసింది. గొట్టాన్ని ఎటు తిప్పినా లోపల నల్లగానే ఉంది. పైకి ఒక చుక్కని గురిపెట్టి చూస్తే లోపల ఇంకేదో, లేదంటే ఏమీ లేదు. ఒకసారి నీలగిరి ఆకు తలకిందులుగా కనబడింది. ఇంకోసారి రక్షిత కేకపెట్టింది.

"ఎర్రగా ఉండాడే! అంగారకుడు!"

వినుత చూసి, తలెత్తి, మళ్ళీ చూసి, "టవరు మీద దీపమే అది" అంది.

రక్షితకి విసుగొచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గానీ, ఆమె ఉత్సాహం పావుగంటకే చల్లారింది. అరుగు మీద కూర్చుని, పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ స్టాండు తీసి, దాంట్లో ఫోను నిలబెట్టి సీరియల్ పెట్టుకుంది. "ఇది మటుకు పనికొచ్చింది. దాంతోనే వచ్చినాది. వంట చేసేటప్పుడు పొయ్యి పక్కన పెట్టుకుంటాను."

వినుత ఆ స్టాండు వైపు చూసింది. ఫ్యాక్టరీలో నేర్చిన అలవాటు ఒకటి ఆమెని వదల్లేదు. ఏ వస్తువు చేతికొచ్చినా, ఇందులో ఏ ముక్క ఎందుకుంది అని చూస్తుంది. స్టాండు వెనక, ఫోను కెమెరాకి సరిగ్గా ఎదురుగా, ఏటవాలుగా ఒక చిన్న అద్దం ఉంది.

"ఫోను స్టాండుకి అద్దం ఎందుకే?"

"మొగం చూసుకునేదానికి."

"నీ మొగం వైపు లేదు. పైకి తిరిగి ఉండాది." వినుత దాన్ని తిరగేసింది. అడుగున ఒక గాడి. గొట్టం మీద ఒక ఇనుప పట్టీ ఎందుకుందా అని ఇందాకట్నుంచీ అనుకుంటోంది. రెండూ దగ్గర పెడితే టక్కున కూర్చున్నాయి. రక్షిత సీరియల్ ఆపేసింది.

పెట్టె మీద ఉన్న కోడ్‌ని ఫోనుతో స్కాన్ చేస్తే ఒక యాప్ దిగింది. వినుత దాన్ని తన ఫోన్లోకే ఎక్కించుకుంది. గొట్టంలోంచి దూరంగా ఉన్న ఒక వస్తువుని నడిమధ్యలో పట్టుకుని, అదే వస్తువుని ఫోను తెర మీద వేలితో నొక్కి చూపించమంది యాప్. ఇందాకటి అంగారకుడే, అదే టవరు దీపమే, ఆ పనికి ఉపయోగపడింది. తర్వాత సంగతి తేలికే. ఫోను ఆ అద్దంలోంచి ఆకాశాన్ని ఫొటో తీస్తుంది. ఫొటోలో పడిన చుక్కల వరసని తన దగ్గరున్న పటంతో పోల్చుకుని, గొట్టం ఎటు చూస్తోందో తెలుసుకుంటుంది. మనకి కావలసిన పేరు నొక్కితే, ఇటు తిప్పు, అటు ఎత్తు అని బాణం గుర్తులు చూపిస్తుంది. దగ్గరికొస్తే తెర మీది గుండ్రం పచ్చగా మారుతుంది.

"ఇంత సులభమా? ఇన్నాళ్ళూ దీంట్లో సీరియల్ చూసినానా నేను!" అని రక్షిత నెత్తి కొట్టుకుంది.

ఈ పూట కనిపించేవి అని యాప్ కొన్ని పేర్లు చూపించింది. వినుత వేలు ఒక పేరు దగ్గర ఆగిపోయింది. సాటర్న్. అంటే శని.

"ఏమే, మొగుడి పేరు చూసినట్టు చూస్తావుండావు?" అంది రక్షిత.

వినుత దాన్నే నొక్కింది. బాణం కుడికి, ఇంకా కుడికి, కొంచెం పైకి. గుండ్రం పచ్చబడింది. కన్ను ఆనించింది. నల్లటి ఆకాశంలో లేత పసుపు గుండు, బియ్యపు గింజ కంటే చిన్నది. దాని నడుమ అడ్డంగా సన్నటి గీత. ఈ ఏడాది ఉంగరం అంచు మనవైపు తిరిగి ఉంది, అందుకే గీతలా ఉంది అని యాప్ చెప్పింది. వినుతకి ఆ మాటలు చెవికెక్కలేదు. రెండేళ్ళుగా నన్ను గడప బయట నిలబెట్టింది ఈయనా? ఇంత చిన్నాయనా? అనుకుంది. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. అత్త చూడాలి, ఎట్లాగైనా చూడాలి అనిపించింది. చూస్తే ఏమవుతుందో ఆమెకీ తెలియదు. చూడకపోతే మాత్రం ఆ తలుపు ఇంకో అయిదేళ్ళు తెరుచుకోదు.

పరుగెత్తుకెళ్ళి అడిగితే చిన్నవెంకటమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"అయ్యో, నోరు మూయమ్మా! శనిని మొగానికి మొగం చూసేదా? గుడిలోనే ఆయన ఎదురుగా నిలబడము. పక్కన నిలబడి దణ్ణం పెట్టుకొని తల తిప్పుకొని వస్తాము. నువ్వు ఇంటికే పిలిచి చూపిస్తానంటావు. ఉండే శని చాలదా మాకి?"

ఉండే శని ఎవరో అడగక్కర్లేదు. వినుత వెనక్కి వచ్చేసింది.

మర్నాడు ఆయుధపూజ. రక్షిత పొద్దున్నే ముళబాగిలుకి, వాళ్ళ అమ్మవాళ్ళింటికి పోయింది. పండగయ్యాక తీసుకుంటాను, ఉండనీ అని టెలిస్కోపు వినుత దగ్గరే వదిలింది. ఆ రోజు చిన్నవెంకటమ్మ చేతికి తీరిక లేదు. కొడవళ్ళు, ఆకు కోసే కత్తి, మందు కొట్టే పంపు, బావి మోటారు, శశికుమార్ బైకు, మిక్సీ, కుక్కరు, ఇనుమన్నది ఏదీ బొట్టు లేకుండా తప్పించుకోలేదు. గుమ్మడికాయ కొట్టారు. శశికుమార్ బొట్టు పెట్టిన బైకెక్కి మధ్యాహ్నం షిఫ్టుకి పోయాడు.

వినుత ఓళిగలు, అంటే బొబ్బట్లు, కాల్చి బయటికొచ్చేసరికి అత్త టెలిస్కోపు దగ్గర ఉంది. విభూతి, కుంకుమ, ఒక చేమంతి పువ్వు, అన్నీ అయిపోయాయి. అయినా కదలకుండా దాని చుట్టూ తిరుగుతోంది.

"ఏమ్మా, దీనికి కన్ను యాడుండాది?"

వినుత చూపించింది.

"పక్కన పెట్టినారే! ముందర కదా ఉండాల్సింది?"

"వెలుగు ముందర నుంచి లోపలికి పోతాది అత్తా. అడుగున పెద్ద అద్దం ఉండాది. దానిమీద పడి తిరిగొచ్చి, ఇంగో చిన్న అద్దానికి తగిలి, పక్కకి వస్తాది. మనం పక్కన నిలబడి ఆ అద్దంలో పడిందాన్ని చూసేది."

"అంటే ఎదురుగా ఎవరూ నిలబడరు?"

"నిలబడితే ఆయన కనపడడు."

చిన్నవెంకటమ్మ పువ్వు సర్ది లోపలికి పోయింది. వినుత ఆమె వెంటపడలేదు. చెరువు మీద అలిగినట్టు కూర్చునే మనిషి కాదు ఆమె అత్త, కానీ బలవంతపెడితే మాత్రం మొండికేస్తుంది.

చీకటి పడ్డాక, కాళ్ళు కడుక్కుని, కొంగు బిగించుకుని, చిన్నవెంకటమ్మ తనంతట తానే పెరట్లోకి వచ్చింది. "యాడమ్మా నీ శని? చూపీ, పక్కనుంచే చూస్తాను" అంది. వినుత ఫోను స్టాండులో పెట్టింది, పేరు నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. నక్షత్రాలు కనిపించలేదు అని వచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

"నిన్న కనిపించినాడు అన్నావే?"

"కనిపించినాడత్తా. ఒక్క నిమిషం."

మూడోసారీ అదే. చిన్నవెంకటమ్మ నిట్టూర్చింది. "పోనీలే. నువ్వు పట్టుకున్న పని అంతే కదా" అంది. కసిగా అన్న మాట కాదు, రోజూ అనే మాట. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఇప్పుడు ఈ గొట్టమూ ఎత్తిపోయిందంటే, సున్నమైపోయిన పురుగుల పక్కన ఇది కూడా చేరుతుంది. ఇక జన్మలో ఆ తలుపు తెరవరు.

లైనులో సరుకు తప్పుగా వస్తే మనుషుల్ని తిట్టరు, ఒక్కొక్క ముక్కా విప్పి చూస్తారు. వినుత అదే చేసింది. మబ్బు లేదు. చంద్రుడు నిన్నా ఉన్నాడు. కెమెరా తుడిచింది. చివరికి ఫోను తీసి ఆ చిన్న అద్దాన్ని దీపం వెలుగులో పెట్టి చూసింది. అద్దం మీద మూడు విభూతి గీతలు, వాటి నడుమ రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. అది అత్త వేలి ముద్రే.

తుడిస్తే, పండగపూట పూజ చేసిన బొట్టు తుడిచిన కోడలవుతుంది. తుడవకపోతే చేతగానిదవుతుంది. చెప్తే, తప్పు నీదే అని అత్త మొహం మీద అన్నట్టవుతుంది. ఎటు చూసినా తనకే. అయినా చెప్పడమే మేలనుకుంది, ఎందుకంటే నోరెత్తకుండా ఉండడం రెండేళ్ళుగా చేసి చూసింది.

"అత్తా, ఇట్ల రా. ఇది ఫోను కన్ను. దీంట్లోంచే ఫోను చుక్కల్ని చూసేది."

చిన్నవెంకటమ్మ వంగి చూసింది. తన వేలినీ చూసుకుంది.

"మనిషికైనా నొసట పెడతాము గానీ కంట్లో పెడతామా! నా బుద్ధి ఏమైంది?" అంది. కొంగు చివర పట్టుకుని తుడవబోయింది.

"పొడి గుడ్డ వద్దత్తా, గీతలు పడతాయి."

చిన్నవెంకటమ్మ పోయి పూజ పళ్ళెంలోంచి వత్తులకి తెచ్చిన దూది, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. బొట్టుని తానే తుడిచి, తానే గొట్టం నెత్తిన మళ్ళీ పెట్టింది. దేవుడికి రావలసింది దేవుడికి వచ్చింది, ఫోనుకి రావలసింది ఫోనుకి వచ్చింది. చక్రం తిరిగింది. బాణం వచ్చింది.

గుండ్రం పచ్చబడ్డాక వినుత తప్పుకుంది. చిన్నవెంకటమ్మ గొట్టానికి పక్కగా నిలబడి, గుడిలో లాగానే చేతులు జోడించి, వంగింది. మొదట చూడాల్సిన కన్నే మూసింది. తర్వాత తన రెప్పల్ని తానే చూసింది. ఆ తర్వాత ఊపిరి బిగబట్టింది.

"అమ్మా! ఉండాడే! నిమ్మకాయకి దబ్బనం గుచ్చినట్టు ఉండాడే!"

"అది ఆయన ఉంగరం అత్తా."

"ఉంగరం పెట్టుకున్నాడా! ఏమి సోకమ్మా ఈయనకి... అయ్యో, పోతావుండాడు! వినుతా, పోయినాడు!"

"భూమి తిరుగుతాది కదా, నిలవడు. ఉండు, పట్టిస్తాను."

పట్టించింది. మళ్ళీ జారిపోయాడు. మళ్ళీ పట్టించింది. చిన్నవెంకటమ్మ నడుం ఎత్తి కోడలి వైపు విచిత్రంగా చూసింది.

"ఏడున్నర ఏండ్లు వదలడన్నారే? ఈయన లోటా నీళ్ళు తాగేంత సేపు కూడా నిలవడే! మనమే ఎంటబడి తిరగాల్సి ఉండాది."

వినుత నవ్వు ఆపుకోలేకపోయింది. అత్త కూడా నవ్వింది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం ఎప్పుడు జరిగిందో, అసలు జరిగిందో లేదో. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పగలు యాడుంటాడు? రేపు కూడా ఇక్కడికే వస్తాడా? అక్కణ్ణుంచి మనం కనపడతామా? కనపడకపోతే మీనరాశిలో ఎవరుండారో ఎట్ల తెలుసు? అడిగినామెకి జవాబుతో పనిలేదు, కన్ను అప్పటికే గొట్టానికి ఆనించేసింది.

ఫోన్లో పచ్చది నొక్కితే ఎత్తడం, ఎర్రది నొక్కితే పెట్టేయడం, చిన్నవెంకటమ్మ చదువు అంతవరకే. అయినా బాణం ఎటు చూపిస్తే గొట్టాన్ని అటు తొయ్యడం రెండుసార్లకే వచ్చేసింది. పచ్చ రంగు రాగానే "వచ్చినాడు" అని తానే చెప్పుకుంటోంది. కోడలు పక్కన నిలబడి చూస్తోంది తప్ప చెయ్యి పెట్టే అవసరం రాలేదు.

అంతలో పురుగుల ఇంట్లోంచి ఆవులప్ప గొంతు వినబడింది. "ఏమే, ఆకు! పురుగులు తలలెత్తినాయి, బేగ రా!"

చిన్నవెంకటమ్మ కదల్లేదు.

"వినుతా, నువ్వు పోయి ఆకు ఏసి రా పో. ఈయన్ని ఇప్పుడే పట్టినాను."

వినుత తను సరిగ్గానే విన్నదా అని నిలబడిపోయింది. "నేనా అత్తా?"

గొట్టాన్ని తోస్తున్న చెయ్యి ఆగింది. చిన్నవెంకటమ్మ కన్ను ఎత్తలేదు, తల తిప్పలేదు. కాసేపటికి చెయ్యి మళ్ళీ కదిలింది.

"నువ్వే, ఇంగెవరు? కాళ్ళు బ్లీచింగు నీళ్ళల్లో ముంచి పో. చేతులు కూడా కడుక్కో."

వినుత పరుగెత్తలేదు. పరుగెత్తితే మాట వెనక్కి తీసుకుంటుందేమోనని మెల్లగా నడిచింది. గడప దగ్గరున్న తొట్టిలో కాళ్ళు ముంచింది, చేతులు కడిగింది, మోపు ఎత్తుకుంది. ఈసారి దించలేదు, దాంతోపాటే లోపలికి అడుగు పెట్టింది.

ఆవులప్ప వెనక్కి తిరిగి, చేతిలో కొమ్మ అట్లాగే పట్టుకుని, "నువ్వా?" అన్నాడు.

"అత్త పొమ్మనింది మామా."

ఆయన తలుపులోంచి బయటికి తొంగిచూశాడు. పెళ్ళాం గొట్టానికి పక్కగా నడుం వంచి ఉంది. "ఏం చేస్తావుండాది అది?"

"శనిని చూస్తావుండాది."

ఆవులప్పకి ఎంత అర్థమైందో తెలియదు. ఎడమవైపు అరలు చూపించి, "ఆ వరసలు నువ్వు ఏసెయ్. ఆకు మందంగా పడాల" అని తన పనిలోకి పోయాడు.

వినుత మొదటి కొమ్మ పరిచింది. ఒక పురుగు తలెత్తి, అటూ ఇటూ వెతికి, ఆకు అంచు పట్టుకుంది. దాని పక్కది, దాని పక్కది. చిటికెన వేలంత లావున, తెల్లగా, చల్లగా ఉన్నాయి. ఒకటి ఆమె వేలి మీదికే ఎక్కింది. నమలడం మొదలయ్యాక గది నిండా రేకుల మీద సన్నటి వాన కురుస్తున్న చప్పుడు. మామ చూడకుండా భుజానికి కళ్ళు తుడుచుకుంది.

బయటినుంచి కేక వినబడింది. "వినుతా! మళ్ళా పోయినాడే! రామ్మా, వచ్చి పట్టీ!"

వినుత వేలి మీది పురుగుని ఆకు మీదికి దించి, ఇంకో కొమ్మ చేతిలోకి తీసుకుంది.

"బాణం చూసుకోత్తా! నాకి ఇంగా రెండు వరసలు ఉండాయి!"